మొక్క గట్టిదే, విత్తనం గట్టిదా? నార్‌గోల్డ్ స్వీట్ క్లోవర్ మన పశుగ్రాస రైతుకు చెప్పే పాఠం

ముఖ్యాంశాలు
• చలిని, కరువును, చౌడును తట్టుకునే పప్పుజాతి పశుగ్రాసం స్వీట్ క్లోవర్. కానీ దాని ఎండుగడ్డికి బూజు పడితే అదే పశువుల ప్రాణం తీస్తుంది.
• ఈ ప్రమాదాన్ని తగ్గించడానికే కెనడా శాస్త్రవేత్తలు నార్‌గోల్డ్ అనే రకాన్ని తయారుచేశారు. ఆ మంచి గుణం కంటికి కనిపించదు. విత్తనం స్వచ్ఛంగా ఉన్నంత కాలమే అది నిలుస్తుంది.
• మన మైదానాల్లో ఈ పంట వేయాల్సిన పని లేదు. దాని నుంచి నేర్చుకోవాల్సింది మాత్రం చాలా ఉంది. పశుగ్రాస విత్తనం కొనేటప్పుడు పంట పేరు చూస్తే చాలదు, రకం పేరు, లేబుల్ చూడాలి.

పశుగ్రాస విత్తనం కొనేటప్పుడు మీరు సంచి మీద ఏం చూస్తారు? మనలో చాలామంది చూసేది రెండే: పంట పేరు, కిలో ధర. లూసర్న్ అని రాసి ఉంటే లూసర్న్ అనుకుంటాం, జొన్న అని ఉంటే జొన్న అనుకుంటాం. వరి విత్తనం దగ్గర రకం పేరు, కంపెనీ, లాట్ నంబరు, బిల్లు అన్నీ అడిగే రైతే గడ్డి విత్తనం దగ్గరికి వచ్చేసరికి ‘గడ్డే కదా’ అని ఊరుకుంటాడు.

ఇప్పుడు ఈ మాట ఎత్తడానికి కారణం ఉంది. 1966 నాటి విత్తన చట్టం స్థానంలో కొత్త చట్టం తేవాలని కేంద్ర వ్యవసాయ శాఖ 2025 నవంబరులో ముసాయిదా విత్తన బిల్లును ప్రజాభిప్రాయానికి పెట్టింది. అమ్మకానికి వచ్చే ప్రతి రకానికీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేయడం, సంచి మీద క్యూఆర్ కోడ్ ముద్రించి విత్తనం ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకునే వీలు కల్పించడం అందులోని ముఖ్య ప్రతిపాదనలు. మన దగ్గర దీని మీద మాట వస్తే పత్తి, మిరప, వరి గురించే వస్తుంది. పాలిచ్చే గేదె నోటికి వెళ్లే గడ్డి విత్తనం గురించి అడిగేవారు తక్కువ.

గడ్డి విత్తనంలో రకం స్వచ్ఛత ఎంత పెద్ద విషయమో తెలియాలంటే ఒక పంట కథ చూడాలి. అది మన ఊరి పంట కాదు, కెనడా పశ్చిమ మైదానాల పంట. కానీ దానిలో ఉన్న చిక్కు మనదే.

ఏమిటీ స్వీట్ క్లోవర్?

స్వీట్ క్లోవర్ శాస్త్రీయ నామం మెలిలోటస్. గ్రీకు భాషలో ‘మెలి’ అంటే తేనె. పేరుకు తగ్గట్టే తేనెటీగలకు ఇది విందు భోజనం. కెనడా మైదానాల తేనెకు కనోలా, లూసర్న్, క్లోవర్లతో పాటు ఇది కూడా పెద్ద ఆధారం. పచ్చ పూలది ఒక జాతి, తెల్ల పూలది మరో జాతి. తెల్లది ఎత్తుగా, లావు కాడతో పెరుగుతుంది. పచ్చది కాస్త పొట్టిగా, సన్న కాడతో ఉండి ముందుగా పూతకు వస్తుంది, కరువును బాగా తట్టుకుంటుంది.

ఉత్తర భారత రైతులకు ఈ కుటుంబం కొత్త కాదు. పంజాబ్, హర్యానా, రాజస్థాన్‌లలో ‘సెంజి’ పేరుతో రబీలో వేసే పశుగ్రాసం దీని దగ్గరి చుట్టమే. అయితే సెంజి ఒక్క సీజనులో ముగిసే పంట. కెనడా మైదానాల్లో వేసే స్వీట్ క్లోవర్ రెండేళ్ల పంట. మొదటి ఏడాది వేరు లోతుగా దించి బలం పోగు చేసుకుంటుంది. మంచు కాలమంతా నేల కింద నిద్రపోతుంది. రెండో ఏడాది వసంతంలో లేచి, మనిషి ఎత్తుకు పెరిగి, పూసి, గింజ రాల్చి చచ్చిపోతుంది.

సస్కాచివాన్, ఆల్బర్టా, మనిటోబా రాష్ట్రాల్లో చలికాలంలో ఉష్ణోగ్రత సున్నాకు 30, 40 డిగ్రీల దిగువకు పోతుంది. వాన తక్కువ. చాలా చోట్ల నేలలో ఉప్పు ఎక్కువ. అలాంటి చోట నిలబడే పప్పుజాతి పంటలు వేళ్ల మీద లెక్కపెట్టేన్నే. స్వీట్ క్లోవర్ అందులో ఒకటి. ఆమ్ల నేల మాత్రం దీనికి పడదు. వేరు బుడిపెల్లో గాలిలోని నత్రజనిని పట్టి నేలకు ఇస్తుంది. లోతుకు దిగిన వేరు గట్టిపడిన నేలను పగలగొడుతుంది. అక్కడి రైతులు దీన్ని మేతకే కాదు, పచ్చిరొట్టగానూ వాడతారు. ఒక ఏడాది ఖాళీగా వదిలే పొలంలో దీన్ని పెంచి పూతకు ముందు దున్నేస్తే తర్వాతి గోధుమకు నత్రజని దొరుకుతుంది, కలుపు కూడా అణుగుతుంది. ఆల్బర్టాలోని లెత్‌బ్రిడ్జి పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు పచ్చ పూల స్వీట్ క్లోవర్ ఇలా కలుపును అణచడాన్ని ప్రయోగాల్లో చూపి 2001లో ప్రచురించారు. 2022లో ప్రపంచమంతటా ఎరువుల ధరలు మండిపోయాక ఇలాంటి పంటల విలువ రైతులకు మరోసారి గుర్తొచ్చింది.

ఇన్ని మంచి గుణాలున్న పంటను ప్రతి రైతూ ఎందుకు వేయడం లేదు? జవాబు నూరేళ్ల కిందటి ఒక పశువుల జబ్బులో ఉంది.

నెత్తురు గడ్డకట్టని జబ్బు

1920 దశకంలో కెనడాలో, అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో పశువులు వింతగా చనిపోవడం మొదలైంది. కొమ్ములు కోసినా, వట్టలు కొట్టినా నెత్తురు ఆగేది కాదు. ఏ గాయమూ లేని పశువులు కూడా చర్మం కింద నెత్తురు గడ్డలతో వాచి కూలిపోయేవి. కెనడా పశువైద్య శాస్త్రవేత్త ఫ్రాంక్ స్కోఫీల్డ్ దీని మూలం పట్టుకున్నారు. ఒకే గడ్డివామి నుంచి మంచి కాడలను, చెడిన కాడలను వేరు చేసి కుందేళ్లకు పెట్టారు. మంచివి తిన్న కుందేలు బతికింది, చెడినవి తిన్నది చనిపోయింది. అంటే జబ్బు పశువుది కాదు, మేతది. బూజు పట్టిన స్వీట్ క్లోవర్ ఎండుగడ్డిది.

1933 ఫిబ్రవరిలో విస్కాన్సిన్ రైతు ఒకరు చనిపోయిన పెయ్యను, పాల క్యానులో గడ్డకట్టని నెత్తురును, కొంత గడ్డిని బండిలో వేసుకుని మంచు తుపానులోనే విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి వచ్చారు. అక్కడి రసాయన శాస్త్రవేత్త కార్ల్ పాల్ లింక్ బృందం ఆ గడ్డిలో ఏముందో వెతకడం మొదలుపెట్టింది. ఆరేళ్ల తర్వాత, 1939లో, దోషి పదార్థం చేతికి చిక్కింది. దాని పేరు డైకుమరాల్.

ఇది ఎలా తయారవుతుంది? స్వీట్ క్లోవర్ ఆకులో కుమారిన్ అనే సువాసన పదార్థం ఉంటుంది. కోసిన గడ్డికి తియ్యని వాసన ఇచ్చేది అదే, నమిలితే చేదు కూడా దానివల్లే. కుమారిన్ మామూలుగా నెత్తురును పలచన చేయదు. కానీ గడ్డి తడిసి బూజు పడితే ఆ బూజు కుమారిన్‌ను డైకుమరాల్‌గా మారుస్తుంది. నెత్తురు గడ్డకట్టడానికి కావలసిన విటమిన్ కె పనిని డైకుమరాల్ అడ్డుకుంటుంది.

ఈ పదార్థాన్ని మీరు ఎప్పుడో ఒకప్పుడు చూసే ఉంటారు, మరో రూపంలో. లింక్ ప్రయోగశాల నుంచే దాని తమ్ముడు వార్ఫరిన్ వచ్చింది. 1948లో అది ఎలుకల మందుగా మార్కెట్‌లోకి వచ్చింది, తర్వాత గుండె జబ్బులవారికి నెత్తురు పలచబరిచే మాత్ర అయింది. మన ఆంధ్రలో వరి చేలల్లో ఎలుకల నివారణకు నూకల్లో కలిపి బొరియల్లో పెట్టే బ్రోమోడయోలోన్ కూడా ఈ కుటుంబానిదే. ఎలుకను చంపే పని ఏదో, బూజు పట్టిన స్వీట్ క్లోవర్ పశువుకు చేసేదీ అదే.

అందుకే ఈ పంట పేరు చెడింది. లావు కాడ వల్ల గడ్డి త్వరగా ఆరదు. ఆరకముందే కట్టలు కడితే లోపల వేడెక్కి బూజు పడుతుంది. పైన చూస్తే ఎండినట్టే ఉంటుంది. కరువు వచ్చిన ఏడాది పరిస్థితి ఇంకా కష్టం. 2021లో కెనడా పశ్చిమ రాష్ట్రాల్లో కరువు కాటేసి గడ్డి దొరకక, తూర్పు రాష్ట్రాల నుంచి ‘హే వెస్ట్’ పేరుతో గడ్డి తరలించాల్సి వచ్చింది. అలాంటి ఏడాదిలో రైతు రోడ్డు గట్ల మీద గడ్డిని కూడా వదలడు. ఆ గట్ల మీద దానంతట అదే మొలిచి ఏపుగా పెరిగేది స్వీట్ క్లోవరే.

నార్‌గోల్డ్ ఏం మార్చింది?

బూజును పూర్తిగా ఆపడం రైతు చేతిలో లేదు, వాన అతని మాట వినదు. మరి కుమారిన్‌నే తగ్గిస్తే? శాస్త్రవేత్తలు పట్టుకున్న దారి ఇదే. మెలిలోటస్ డెంటేటస్ అనే మరో జాతిలో కుమారిన్ బాగా తక్కువ. ఆ గుణాన్ని ముందు తెల్ల పూల స్వీట్ క్లోవర్‌లోకి తెచ్చారు. కెనడా ప్రభుత్వ వ్యవసాయ పరిశోధన సంస్థ సస్కటూన్ కేంద్రం నుంచి తెల్ల పూల ‘పోలారా’ రకం 1970 ప్రాంతంలో వచ్చింది. తర్వాత అదే కేంద్రంలో బి.పి. గోప్లెన్ అనే శాస్త్రవేత్త పచ్చ పూల ‘నార్‌గోల్డ్’ వివరాలను 1981లో ప్రచురించారు. పచ్చ పూల జాతికి ఉండే చలి, కరువు తట్టుకునే శక్తికి తక్కువ కుమారిన్ గుణం తోడైంది. మేతకూ పనికొస్తుంది, చేదు తక్కువ కాబట్టి పశువూ ఇష్టంగా తింటుంది, బూజు పట్టినా డైకుమరాల్ పుట్టడానికి కావలసిన ముడిసరుకు తక్కువ.

ఇంతటితో సమస్య తీరిపోవాలి. తీరలేదు. ఎందుకో చూద్దాం.

మంచి గుణం ఎలా జారిపోతుంది?

మొదటి చిక్కు: ఈ గుణం కంటికి కనిపించదు. నార్‌గోల్డ్ మొక్కనూ మామూలు పచ్చ పూల మొక్కనూ పక్కపక్కన పెడితే రైతు పోల్చలేడు. గింజ చూస్తే అసలే పోల్చలేడు. ప్రయోగశాల పరీక్ష చేస్తేనే కుమారిన్ ఎంతుందో తెలుస్తుంది.

రెండో చిక్కు: పచ్చ పూల స్వీట్ క్లోవర్ చాలావరకు పరపరాగ సంపర్కం మీద ఆధారపడుతుంది. తన పుప్పొడితో తాను గింజ కట్టదు, తేనెటీగ మరో మొక్క పుప్పొడి తేవాలి. ఆ తేనెటీగ మీ పొలం గట్టు దగ్గర ఆగదు. రోడ్డు పక్కన మొలిచిన మామూలు స్వీట్ క్లోవర్ పుప్పొడిని తెచ్చి నార్‌గోల్డ్ పూల మీద వేస్తుంది. తక్కువ కుమారిన్ గుణం అణగి ఉండే గుణం. తల్లి నుంచి, తండ్రి నుంచి రెండు వైపులా వస్తేనే బయటపడుతుంది. ఒక్క వైపు మామూలు పుప్పొడి కలిసినా పుట్టే మొక్క మళ్లీ చేదు మొక్కే. ఇలా రెండు, మూడు తరాలు సొంత విత్తనం కట్టుకుంటూ పోతే సంచి మీద పేరు నార్‌గోల్డ్‌గానే ఉంటుంది, లోపల గుణం జారిపోయి ఉంటుంది.

మూడో చిక్కు: నేలలో దాగిన గింజ. స్వీట్ క్లోవర్ గింజకు పెంకు గట్టిది, నీరు లోపలికి పోనివ్వదు. కొన్ని గింజలు వెంటనే మొలుస్తాయి, మిగతావి 20 ఏళ్లు దాటినా నేలలో పడి ఉండి ఎప్పుడో ఒకప్పుడు మొలుస్తాయి. కాబట్టి ఒకప్పుడు మామూలు రకం వేసిన పొలంలో నార్‌గోల్డ్ వేస్తే పాత మొక్కలు మధ్యలో లేస్తాయి. పూతకు వస్తే విత్తనమూ చెడుతుంది, మేతలోనూ కలుస్తాయి.

ఇక్కడే అసలు విషయం ఉంది. మొక్క గట్టితనమే విత్తన స్వచ్ఛతకు శత్రువు అయింది. చలికి చావదు, కరువుకు చావదు, రోడ్డు గట్టున పెరుగుతుంది, నేలలో ఏళ్ల తరబడి దాగుతుంది. రైతుకు మేలు చేసే గుణాలే కొత్త రకాన్ని పాత రకం నుంచి కాపాడుకోవడం కష్టం చేస్తున్నాయి. అందువల్ల నార్‌గోల్డ్ భద్రత మొక్కలో ఉన్నట్టు కనిపించినా నిజానికి విత్తన గొలుసులో ఉంది. బ్రీడర్ విత్తనం, ఫౌండేషన్ విత్తనం, ధ్రువీకరించిన విత్తనం అనే మెట్లు, పొలం చరిత్ర రికార్డు, వేర్పాటు దూరం, పొలం తనిఖీ. ఇందులో ఏ మెట్టు తప్పినా రైతు కొన్నది పేరు మాత్రమే.

విత్తన రైతు పడే శ్రమ

ఈ గొలుసును నిలబెట్టేది విత్తన రైతు. అతని పని ఏమిటో తెలిస్తే మంచి విత్తనం ఎందుకు ఖరీదో అర్థమవుతుంది.

1. పొలం ఎంపిక: గతంలో స్వీట్ క్లోవర్ వేయని పొలం కావాలి. చుట్టూ గట్ల మీద దానంతట అదే మొలిచినవాటిని పూతకు ముందే కోసేయాలి.

2. విత్తడం: గింజ పెంకును గరుకు రాపిడితో కాస్త గీకాలి, లేకపోతే మొలక సరిగా రాదు. లూసర్న్‌కు వాడే జాతి రైజోబియం కల్చరే దీనికీ పట్టిస్తారు. గింజ చిన్నది, లోతుగా పడితే పైకి రాలేదు. గట్టిపడిన, సమంగా ఉన్న పై మట్టిలో ఒకటి రెండు సెంటీమీటర్ల లోతులోనే పడాలి.

3. పురుగు: స్వీట్ క్లోవర్ వీవిల్ అనే ముక్కు పురుగు లేత ఆకుల అంచులను అర్ధచంద్రాకారంలో కొరుకుతుంది. మొలక దశలో దాడి చేస్తే పొలమే పోతుంది.

4. తేనెటీగలు: పూత సమయంలో పొలం పక్కన పెట్టెలు పెట్టించాలి. ఈగ రాకపోతే గింజ లేదు.

5. కోత: కాయలు ఒక్కసారి పండవు. కింద కాయలు నల్లబడి రాలుతుంటే పైన ఇంకా పూత ఉంటుంది. ముందు కోస్తే తాలు, ఆలస్యమైతే రాలిపోతుంది. సగానికి పైగా కాయలు రంగు మారినప్పుడు, మంచు తడి ఉన్న వేళ కోసి వరసలుగా పడేసి ఆరాక నూరుస్తారు.

రెండేళ్లు ఆగి, ఇంత చేసి, ఒక్క పంట విత్తనం. గోధుమకో కనోలాకో మంచి ధర ఉన్న ఏడాది ఈ శ్రమకు ఎంతమంది సిద్ధపడతారు? అందుకే మార్కెట్‌లో రకం పేరు లేకుండా, వట్టి ‘స్వీట్ క్లోవర్’ అని రాసిన చవక విత్తనం తిరుగుతూ ఉంటుంది. పచ్చిరొట్టకు దున్నేసే రైతుకు దానితో నష్టం లేదు. పశువుకు మేపే రైతుకు మాత్రం ప్రాణాంతకం కావచ్చు. ఒకే సంచి, ఇద్దరు రైతులు, రెండు ఫలితాలు.

మరి మనకేమిటి?

ముందుగా ఒక మాట స్పష్టంగా చెప్పాలి. నార్‌గోల్డ్ వంటి రెండేళ్ల స్వీట్ క్లోవర్ మన తెలుగు రాష్ట్రాల మైదానాలకు సరిపడే పంట కాదు. పూతకు రావాలంటే దానికి గట్టి చలికాలం కావాలి. ఎవరైనా ఆన్‌లైన్‌లో ‘విదేశీ గడ్డి, ఎక్కడైనా పెరుగుతుంది, కరువుకు చావదు’ అని అమ్మితే కొనకండి. 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం విదేశీ విత్తనం దేశంలోకి రావాలంటే దిగుమతి అనుమతి, ఆ దేశపు ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. అవి లేకుండా పోస్టులో వచ్చే పొట్లం చట్టవిరుద్ధం, కొత్త కలుపుకు, తెగులుకు తలుపు తీయడం కూడా.

కానీ నార్‌గోల్డ్ పడ్డ చిక్కులన్నీ మన గడ్డి విత్తనాల్లో వేరే రూపాల్లో ఉన్నాయి.

లూసర్న్ చూడండి. దాని విత్తనంలో బంగారు తీగ గింజలు కలిస్తే పొలమంతా పసుపు దారాలు అల్లుకుని పంటను పీల్చేస్తాయి. అందుకే లూసర్న్ విత్తన ధ్రువీకరణలో బంగారు తీగను అభ్యంతరకర కలుపుగా పెట్టారు. బర్సీమ్‌లో కాసిని కలుపుదీ అదే పరిస్థితి. ‘కిలోకు వంద తక్కువకు వస్తోంది’ అని లేబుల్ లేని లూసర్న్ కొన్న రైతు మూడేళ్లు నిలవాల్సిన తోటను మొదటి ఏడాదే దున్నుకోవాల్సి రావచ్చు.

హెడ్జ్ లూసర్న్, అంటే మనం దశరథ గడ్డి అనేది చూడండి. స్వీట్ క్లోవర్ లాగే గింజ పెంకు గట్టిది. 80 డిగ్రీల వేడి నీటిలో మూడు నాలుగు నిమిషాలు ఉంచి, తీసి, రాత్రంతా చల్లటి నీటిలో నానబెట్టి విత్తితేనే మొలక బాగా వస్తుంది. ఇది తెలియక ‘విత్తనం నకిలీది’ అనుకునేవారున్నారు. నిజంగా నకిలీ విత్తనం వచ్చినప్పుడు ‘వేడి నీళ్లు పోయలేదు కాబట్టే’ అని అమ్మినవాడు తప్పించుకునే వీలూ ఉంది. లేబుల్ మీద మొలక శాతం ఉంటే ఈ వాదన ఇద్దరికీ తేలిపోతుంది.

డెల్టా రైతులు వరి కోతకు ముందు చల్లే పిల్లిపెసర, జనుము చూడండి. పచ్చిరొట్టకు వేసినా, పశువుకు కోసినా విత్తనం మొలవడమే ముఖ్యం. పొరుగు రైతు దగ్గర తెచ్చుకున్న విత్తనంతో తరాలుగా నడుస్తున్న పంటలివి. వీటిలో రైతు సొంత విత్తనం కట్టుకునే, ఇచ్చిపుచ్చుకునే హక్కు పోకూడదు. ముసాయిదా బిల్లు కూడా బ్రాండ్ పేరుతో కాకుండా రైతు తన విత్తనాన్ని దాచుకోవడం, మార్చుకోవడం, అమ్ముకోవడం వంటి హక్కును ఉంచింది. చట్టం ఎప్పుడు ఏ రూపం తీసుకున్నా ఈ మాట అందులో నిలవాలి.

అంటే మనం అడగాల్సినవి రెండు. దుకాణంలో డబ్బు పెట్టి కొనే గడ్డి విత్తనానికి వరి విత్తనానికి ఉన్నంత బాధ్యత ఉండాలి. రైతు నుంచి రైతుకు వెళ్లే విత్తనానికి మాత్రం అడ్డంకి రాకూడదు. క్యూఆర్ కోడ్ మంచిదే. కానీ కోడ్ చెప్పేది సంచి ఎక్కడి నుంచి బయల్దేరిందో మాత్రమే. ఆ పొలంలో తనిఖీ జరిగిందా, వేర్పాటు దూరం పాటించారా అన్నది కోడ్ వెనుక ఎవరో ఒక మనిషి వెళ్లి చూస్తేనే తెలుస్తుంది. గడ్డి విత్తన పొలాలకు ఆ మనిషి వెళ్లకపోతే కోడ్ కూడా నార్‌గోల్డ్ పేరులాగే మిగులుతుంది.

విత్తనం పండించే రైతుకు ఆసరా కూడా కావాలి. జాతీయ లైవ్‌స్టాక్ మిషన్ 2021లో సవరించిన మార్గదర్శకాల్లో పశుగ్రాస విత్తనోత్పత్తికి బ్రీడర్ విత్తనం కిలోకు 250 రూపాయలు, ఫౌండేషన్ విత్తనానికి 150, ధ్రువీకరించిన విత్తనానికి 100 రూపాయల ప్రోత్సాహకం ఉంది. నీటి వసతి, తేనెటీగల పెట్టెలు, గుంపుగా పనిచేసే సంఘం ఉన్న ఊళ్లు దీని గురించి మండల పశువైద్యాధికారిని అడగండి. ఒంటరి రైతు కన్నా రైతు ఉత్పత్తిదారుల సంఘం అడిగితే తూకం ఎక్కువ. ఒకే పంట, ఒకే రకం వేసే ఊరికి వేర్పాటు దూరం సమస్య కూడా సగం తీరుతుంది.

విత్తనం కొనేటప్పుడు చూడాల్సినవి

• సంచి మీద పంట పేరుతో పాటు రకం పేరు ఉందా?
• మొలక శాతం, స్వచ్ఛత శాతం, పరీక్ష చేసిన తేదీ, గడువు తేదీ ఉన్నాయా?
• ధ్రువీకరణ ట్యాగు ఉందా, లేక అమ్మేవాడి సొంత లేబుల్ మాత్రమేనా? సొంత లేబుల్ చట్టవిరుద్ధం కాదు, కానీ ఆ మాటకు బాధ్యత అమ్మినవాడిది. అందుకే బిల్లు మీద లాట్ నంబరు తప్పక రాయించుకోండి.
• కొన్న సంచి నుంచి ఒక గుప్పెడు విత్తనం, లేబుల్, బిల్లు పంట చివరి వరకు దాచండి. నష్టపరిహారం అడగాలంటే ఇవే ఆధారం.
• విత్తే ముందు తడి గోనె సంచిలో 100 గింజలు మొలక కట్టి చూడండి. గట్టి పెంకు గింజలైతే వేడి నీటి శుద్ధి చేశాకే ఈ పరీక్ష చేయండి.
• నాలుగైదు గింజలు కాదు, ఒక పిడికెడు తెల్ల కాగితం మీద పోసి వేరే రంగు, వేరే సైజు గింజలున్నాయేమో చూడండి.

బూజు విషయంలో అశ్రద్ధ వద్దు

స్వీట్ క్లోవర్ మన దగ్గర లేదు కాబట్టి ఆ జబ్బు రాదు. కానీ బూజు మనకు కొత్త కాదు. 2025 అక్టోబరు చివర మోంథా తుపాను తీరం దాటినప్పుడు చేలో ఉన్న వరి తడిసింది. అలాంటి ఏడాది గడ్డివామిలో ఎంత భాగం పాడైందో వామి వేసిన రైతుకే తెలుసు. బూజు పట్టిన వరిగడ్డి తిన్న గేదెలకు కాళ్లు, చెవులు, తోక కుళ్లే డెగ్నాలా జబ్బు ఉత్తరాది వరి ప్రాంతాల్లో తెలిసిందే. బూజు పట్టిన వేరుశనగ చెక్క, మొక్కజొన్నలో అఫ్లాటాక్సిన్ పుట్టి పాలలోకి కూడా వస్తుంది.

• తడిసిన గడ్డిని వామి వేయకండి. విడిగా పరిచి ఆరబెట్టండి.
• వామి మధ్యలో చేయి పెడితే వెచ్చగా తగిలినా, ముక్క వాసన వచ్చినా ఆ భాగం తీసేయండి. మంచి గడ్డితో కలిపి ‘పలచన’ చేసి పెట్టకండి.
• పాతర గడ్డిలో గాలి తగిలి రంగు మారిన పై పొరను పశువుకు వేయకండి.
• చూడి పశువుకు, దూడకు అనుమానం ఉన్న మేత అసలే వద్దు. స్వీట్ క్లోవర్ వేసే దేశాల్లో ఈతకు కనీసం రెండు మూడు వారాల ముందే ఆ గడ్డి ఆపేయమంటారు. తల్లికి ఏమీ కాకపోయినా పుట్టిన దూడ నెత్తురు ఆగక చనిపోయే ప్రమాదం ఉంది కాబట్టి.
• చర్మం కింద కారణం లేని వాపు, కుంటు, కనురెప్పల లోపల పాలిపోవడం, చిన్న గాయానికి ఆగని నెత్తురు కనిపిస్తే మేత వెంటనే మార్చి పశువైద్యుడిని పిలవండి. ఏ మేత పెట్టారో, ఎన్నాళ్లుగా పెడుతున్నారో చెప్పండి. ఎలుకల మందు పెట్టిన చోటికి పశువు వెళ్లిందేమో కూడా చెప్పండి. ఇలా నెత్తురు ఆగని జబ్బుకు విటమిన్ కె1 ఇంజెక్షన్ ఉంది. సొంత వైద్యంతో ఒక రోజు పోగొట్టుకోవద్దు.

చివరిగా

నార్‌గోల్డ్‌ను తయారుచేయడానికి ఒక శాస్త్రవేత్తల తరం పట్టింది. దాన్ని కాపాడటానికి ప్రతి ఏడాదీ ఒక విత్తన రైతు, ఒక తనిఖీ అధికారి, లేబుల్ చదివే ఒక కొనుగోలుదారు కావాలి. మొదటి పని ఒకసారి చేస్తే సరిపోతుంది. రెండో పని ఆగకూడదు. మన పశుగ్రాస విత్తనాల్లో మంచి రకాలు లేకపోలేదు. లేనిదల్లా ఆ పేరు నిజమని రైతుకు హామీ ఇచ్చే గొలుసు. కొత్త విత్తన చట్టం మీద మీ రైతు సంఘంలో మాట్లాడేటప్పుడు వరి, పత్తి తర్వాత గడ్డి విత్తనం మాట కూడా ఎత్తండి. ఈ రబీకి విత్తనం కొనడానికి వెళ్లినప్పుడు ధర అడిగే ముందు ఒక్క ప్రశ్న అడగండి: ‘ఇది ఏ రకం, ఎక్కడ రాసి ఉంది?’